క్రౌర్యమునకు మూల మెద్ది?



పత్రికలో హత్యయో, దోపిడియో జరిగెనని చదివినంతనే “వాని పుట్టుకయే యట్టిది” యని మనము కాగితమును మడిచిపెట్టుదుము. చిలకలగూడలోని మా యింట నొక యుదయమున నేనును నట్లే యంటిని. బడికి బయలుదేఱుచున్న మావారు గుమ్మముకడ నిలిచి, “అశ్వత్థామ పుట్టుకయు నట్టిదియేనా?” యని యడిగిరి. ఆ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు.

పాలు లేక పిండినీళ్లు త్రాగి, పాలేయనుకొని మురిసిన బిడ్డ యతడు. లేమిచే బాల్యమిత్రుడగు ద్రుపదుని చెంత కేగిన తండ్రి యవమానితుడై మరలెను. తుదకా తండ్రి యస్త్రసన్న్యాసము చేసియుండగా ద్రుపదుని కుమారునిచేతనే హతుడయ్యెను. నిద్రించుచున్న యుపపాండవులను జంపిన చేయి యీ దుఃఖములన్నిటిని మోసిన చేయి. కోరినది దొరకకుండుట, ప్రియమైనది పోవుట, పరులచే బాధింపబడుట, ఈ మూటివలన మనసున నొత్తిడి పుట్టునని అమెరికా పండితుడు రాబర్ట్ ఆగ్న్యూ 1992లో వివరించెను. ఆ యొత్తిడివలని క్రోధమునకు వేఱు దారి లేనపుడు కొందఱు నేరమునకు దిగుదురని యాయన మతము.

ఇది పురాణగాథ గదా యందురేమో. మన తెలుగునాటి చరిత్రమే వినుడు. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చినది. మా చిలకలగూడలో నెన్నియో కుటుంబములకు రైలే యన్నము పెట్టినది. కాని దక్షిణదేశమున నట్టి రైళ్లును, దొరతనమువారి యుప్పు చట్టములును ఎఱుకలవారి జీవిక నపహరించినవి. వారు పశువులపై నుప్పును, ధాన్యమును మోసి యూరూర నమ్మెడివారు. బేరము పోయినది. అంతట నాగక, 1871 నాటి నేరస్థ జాతుల చట్టమును 1911లో చెన్నరాజధానికిని విస్తరింపజేసి, పుట్టుకచేతనే దొంగలని ముద్రవేసిరి. నే నాడిన మాటయే యచట చట్టమైనది! 1913లో బాపట్ల చెంత స్టూవర్టుపురము వెలసినది. 1952లో చట్టము రద్దయినను ఊరి పేరు వినినంతనే జనులు తలుపులు మూసికొనిరి. కొందఱు మరల దోపిడులకే దిగిరి.

1970 దశకమున జాషువా మహాకవి కుమార్తె హేమలతా లవణంగారు భర్తతో గూడి యా యూరి వారిమధ్య పనిచేయ మొదలిడిరి. వారి గోడు వినుట, బిడ్డలకు చదువు, పెద్దలకు వేఱు బ్రతుకుదెరువు, ఇవియే యామె సాధనములు.

బాధపడినవారందఱును హంతకులు గారు. ఐదుగురు బిడ్డలను గోల్పోయిన ద్రౌపదియే, తనవలె నశ్వత్థామ తల్లి యేడ్వరాదని యతనిని విడిపింపగోరెనని భాగవతము చెప్పుచున్నది. కనుక మూలము నెఱుగుట నేరమును మన్నించుట గాదు. కొట్టు చేతిని సహింపుడని నేను జెప్పను. అట్టి చేతినుండి తొలగుటయు, పదుగురికి దెలుపుటయు మన ధర్మము.

కాని పరీక్ష తప్పిన కుమారుని, కొలువు పోయిన మఱదిని పదిమందిలో నెగతాళి చేయుట మాత్రము మన చేతిలోని పనియే గదా! ఆ యుదయమునుండి మా యింట నా మాట మానితిమి. పత్రికను మడుచుటకు ముందు, “ఈతని కే దారి మూసికొనిపోయెనో?” యని యొక్క నిమిషమైన నాలోచించుచున్నాను.