పరిచర్య చేయు గృహిణికి మనోవ్యాధి



రోగికి వేళకు మందు ఈయవలెనని మనకు చిన్ననాటినుండియు పెద్దలు నేర్పిరి. కాని పరిచర్య చేయు స్త్రీకే మందు కావలసివచ్చినప్పుడు ఏమి చేయవలెనో మనకెవ్వరును చెప్పియుండలేదు. నాకది స్వానుభవమున తెలిసినది గనుక, సిగ్గు విడిచి వ్రాయుచున్నాను.

మూడేండ్ల క్రిందట మా అత్తగారికి పక్షవాతము వచ్చి, కుడిచేయి, కుడికాలు పడిపోయి, మాట తడబడినది. నాటినుండి వారికి స్నానము చేయించుట, అన్నము తినిపించుట, రాత్రి రెండు మూడు మారులు లేచి ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుట నా పని. మావారు బడిపంతులు, ఉదయము పోయి సాయంకాలము వత్తురు. మొదటి రెండేండ్లు ఎట్లో గడచినవి. పిమ్మట నాలో మార్పు కలిగెను. అత్తగారు నిదురించినను నాకు తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చుచుండెను. అన్నము సహింపదు. భాగవతము చేతబట్టినను ఒక్క పద్యమైనను మనస్సున నిలువదు. కారణము లేకయే కన్నీరు వచ్చును.

ఒకనాడు అత్తగారి నోటినుండి గంజి జారి చీర తడిసినంతనే వారిని గట్టిగా కసరితిని. వారు మాటాడలేక నా వంక చూచి కన్నీరు విడిచిరి. ఆ రాత్రి ‘నేను లేకపోయినచో ఈ యింటికే మేలేమో’ అను తలంపు కలిగెను. ఆ తలంపునకు నేనే జడిసి మావారిని లేపి చెప్పితిని. వారు నన్ను నిందింపక, మఱునాడే సెలవు పెట్టి ప్రభుత్వ వైద్యశాలలోని మానసిక వైద్యురాలి కడకు తీసికొనిపోయిరి.

ఇట్టి లక్షణములు రెండు వారములకు మించి నిలిచినచో దానిని ఒట్టి అలసట అనుకొనరాదనియు, అది డిప్రెషన్ అను వ్యాధి కావచ్చుననియు ఆమె చెప్పిరి. రక్తహీనతయు థైరాయిడ్ దోషమును ఇట్టి నీరసమునే కలిగింపగలవు గనుక రక్తపరీక్ష చేయించిరి. పిదప సెర్ట్రలీన్ అను మాత్రను తక్కువ మోతాదున వ్రాసి యిచ్చిరి.

ఆ మాత్రలను నేను వారము దినములు బియ్యపుడబ్బాలో దాచితిని. ‘పిచ్చిమందు తినుచున్నది’ అని లోకము నవ్వునేమో యను భయము. సేవలో ఓడిపోతినను సిగ్గు. ఒక ఉదయమున అత్తగారికి రక్తపోటు మాత్ర వేయుచుండగా, ఈ మాత్రకు లేని సిగ్గు ఆ మాత్రకేల అని తోచెను. రోగమును పెంచువానిలో విషాదమే అగ్రగణ్యమని చరకుడే చెప్పెను గదా! అర్జునునంతటి వీరునికే నోరెండి, అవయవములు సడలి, గాండీవము చేజారెను గదా! నాడే మాత్ర వేసికొంటిని.

ఈ మందులు క్రొత్తవి కావు. 1957లోనే స్విట్జర్లండు వైద్యుడు రోలాండ్ కూన్, ఇమిప్రమీన్ అను మందు విషాదరోగులకు మేలు చేయుచున్నదని ప్రకటించెను. నేటి సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్ మొదలగునవి మెదడులో సెరటోనిన్ అను పదార్థము నరకణముల నడుమ మఱికొంతసేపు నిలుచునట్లు చేయును.

మొదటి వారమున నాకు కడుపులో వికారము, తలనొప్పి కలిగినవి. గుణము మాత్రము కానరాలేదు. సాధారణముగా గుణము తెలియుటకు రెండు మొదలు నాలుగు వారములు, కొందఱికి అంతకంటె ఎక్కువయు పట్టును. ఇచటనే పలువురు విసిగి మానివేయుదురు. నాలుగవ వారమున ఒక దినము తెల్లవారువఱకు నిద్రించితిని. అదియే నా మొదటి గుణము.

మందు మొదలిడు సోదరీమణులు వీనిని మఱవరాదు: గర్భవతులు, పాలిచ్చు తల్లులు, ఇతర మందులు వాడువారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పవలెను. ఆదిలో ఆందోళనగాని, ప్రాణము తీసికొను తలంపుగాని హెచ్చినచో తక్షణము తెలుపవలెను. ఇరువదియైదేండ్లలోపు వారి విషయమున ఇంటివారు మఱింత కనిపెట్టియుండవలెను. నెమ్మదించినను సాధారణముగా ఆఱు నెలలైనను వాడవలెను. ఒక్కసారిగా మానినచో తలతిరుగుట, కలవరము కలుగవచ్చును. వైద్యుని మాటమీద క్రమముగా తగ్గింపవలెను.

అయినను మాత్ర మన బరువును మోయదు, మోయుటకు బలమిచ్చునంతే. బరువును ఇంటివారు పంచుకొనవలెను. ఇప్పుడు రాత్రి మావారే లేచి తల్లిని ప్రక్కకు త్రిప్పుదురు. ఆడుబిడ్డ సెలవులలో వచ్చి పదిదినములుండి, నన్ను పుట్టింటికి పంపుచున్నది.

బయటికి పోలేనివారికి టెలి మానస్ అను ప్రభుత్వ సహాయము 2022 అక్టోబరు నుండి గలదు. 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఎప్పుడైనను టెలిఫోను చేసి, ఖర్చు లేకయే తెలుగున మాటాడవచ్చును.

అత్తగారికి సంగతి నేనే చెప్పితిని. నాడు కసరినందులకు క్షమింపుమని వేడితిని. వారు ఎడమచేతితో నా తల నిమిరిరి. నాటినుండి ప్రతి ఉదయమున తమ మాత్ర మ్రింగుటకు ముందు, గూటిలోని నా మాత్రల పెట్టెను వేలితో చూపుదురు. నేను వేసికొన్న తరువాతనే వారు నోరు తెఱతురు.