వెబ్‌స్టరు నాటకమున స్త్రీ: అధికారము, అనురాగము

ఆంగ్ల విషాదాంత నాటకము లనగానే షేక్స్పియరు పేరు ముందుగా స్ఫురించును. కాని స్త్రీ యొక్క అధికారమును, ఆమె కోరికను ఒక్క పాత్రయందే నిలిపి పరీక్షించిన కృతులలో జాన్ వెబ్‌స్టరు రచించిన ‘డచెస్ ఆఫ్ మాల్ఫీ’ ముఖ్యమైనది. ఇది 1613-14 ప్రాంతమున లండనులో ప్రదర్శింపబడి 1623లో ముద్రితమైనది. ఇటలీలోని అమాల్ఫీ సంస్థానపు రాణి జొవాన్నా జీవితము దీనికి మూలము.

నాటకమున రాణి యౌవనవతి యగు విధవ. ఆమె మరల వివాహ మాడరాదని సోదరు లిరువురును శాసింతురు. వారిలో ఒకడు ప్రభువు, మరొకడు మతాధికారి. ఆమె తన దివాణపు నిర్వాహకుడైన అంటోనియోను తానే వరించి, పరిచారికను సాక్షిగా నిలిపి, రహస్యముగా పెండ్లాడును. వారికి ముగ్గురు బిడ్డలు కలుగుదురు. రహస్యము వెల్లడి కాగా సోదరు లామెను చెరబట్టించి, మెడకు త్రాడు బిగించి చంపింతురు.

ఇందలి వివాదము నెరుగుటకు నాటి ధర్మము నెరుగవలెను. మన స్మృతులు విధవను పుత్రుని రక్షణయం దుంచినవి. ఆంగ్ల దేశమున వివాహిత ఆస్తి భర్త చేతిలో నుండగా, విధవ స్వయముగా ఆస్తి ననుభవించుటకును, ఒడంబడికలు చేసికొనుటకును అర్హురాలు. స్త్రీ పురుషులు పరస్పరము సమ్మతివాక్యములు పలికినచో, పురోహితుడు లేకున్నను వివాహము చెల్లెడిది. కావున రాణి చేసినది రహస్యమే కాని అధర్మము కాదు.

అయినను పూర్వ విమర్శకులు కొందరు ఆమె తొందరపాటే పతనహేతు వనిరి. స్త్రీవాద విమర్శకులు ఈ ప్రశ్ననే తిరుగవేసిరి. ఆమెను కాముకి యనువా రెవరు? సోదరులే కదా! వారి దృష్టిని ప్రేక్షకుడు తన దృష్టిగా చేసికొన నేల? లీసా జార్డిన్ 1983లో, ఇట్టి బలవతులైన నాయికలు స్త్రీల నిజమైన స్వాతంత్ర్యమునకు ప్రతిబింబములు కారనియు, ఆస్తిగల స్త్రీని గూర్చిన పురుషుల భయమే అట్లు రూపు దాల్చిన దనియు వాదించెను. కాథరిన్ బెల్సీ 1985లో, ప్రేమమయమైన కుటుంబమను నూతనాదర్శము ఈ నాటకమున పొడసూపుచున్న దనెను. నాటి రంగమున స్త్రీ పాత్రలను బాలురే ధరించిరనుటయు మరువరాదు.

ఈ వాదములకు నాటకమే కొంత సమాధాన మిచ్చుచున్నది. అంతఃపురమున భర్తతో పరిహాసము లాడిన ఆమెయే, మృత్యుముఖమున బిడ్డ జలుబునకు మందు పోయుమని పరిచారికను వేడును. ఆమె కోరిక గృహస్థ ధర్మమునకు విరుద్ధము కాదు. నాలుగవ యంకముననే ఆమె మరణించును. ఐదవ యంకమున పురుషు లొకరి నొకరు చంపుకొందురు. కడపట మిగిలిన జ్యేష్ఠపుత్రుని, తల్లి హక్కునుబట్టి నిలుపవలెనని మిత్రుడు కోరును.

కోరిక గల స్త్రీ నశించునని ఈ నాటకము బోధించుట లేదు. ఏలుటయు, వరించుటయు ఒక్క స్త్రీ చేతనే యుండుట సహింపలేని కులాభిమానము, ఆమెతోపాటు తన్నును దహించుకొనునని చూపుచున్నది.