పిల్లలకు చూపదగిన పాత చిత్రాలు

తెలుగు తరగతి పిల్లలకు ఏ చిత్రం చూపించాలని తల్లిదండ్రులు తరచు అడుగుతుంటారు. ముందుగా 'మాయాబజార్' చూపించండి. 1957లో కె.వి. రెడ్డిగారు దీనిని తెలుగులోను, తమిళంలోను తీశారు. మలేషియాలో మనవారు కొందరు తమిళ ప్రతినే చూచి తృప్తిపడ్డారు. అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్, తెలుగులో అక్కినేని. ఘటోత్కచుడు మాత్రం రెండింటిలోను ఎస్.వి. రంగారావుగారే. అయితే అసలు తేడా నటులలో లేదు, మాటలలో ఉన్నది. 'అస్మదీయులు' అనగా మనవారు. అది సంస్కృత పదం. పింగళి నాగేంద్రరావుగారు దానిని రాక్షసుల నోట 'అసమదీయులు' అని సాగదీయించి, దానికి జోడుగా ఏ నిఘంటువులోను లేని 'తసమదీయులు' పుట్టించారు. పరాయివారని అర్థం. ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు! తప్పు పలుకుతామేమోనని నోరు విప్పని మన పిల్లలకు ఇంతకంటె ధైర్యమిచ్చే పాఠం నాకు కనిపించలేదు.

బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' (1951)లో భానుమతిగారి నటన, పాట రెండూ గొప్పవి. కాని నడక నెమ్మది, చిన్నపిల్లలు కూర్చోలేరు.

ఆయనదే 'బంగారు పాప' చాలామంది ఎరుగరు. జార్జ్ ఎలియట్ ఆంగ్ల నవల 'సైలస్ మార్నర్' దీనికి ఆధారం. ఆ నవల చదివిన పెద్దపిల్లలకు మాటలు కొన్ని అందకపోయినా కథ జారిపోదు. పాప చేతికి వచ్చాక రంగారావుగారి ముఖం మెత్తబడే తీరు చూడండి.

'మాలపిల్ల' (1938) అంటరానితనం మీద గూడవల్లి రామబ్రహ్మంగారు తీసినది. కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. గ్రాంథికం విడిచి వాడుక తెలుగులో వ్రాశారు. దీనిని పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టి చూపవద్దు. పెద్దలు ప్రక్కన ఉండి, వారడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి.