ఓడ ఎటు తిరిగిద్దో ముందే చెప్పే లెక్క

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకున్న లారీ చెన్నై పోతంది. ఇప్పుడు చిలకలూరిపేట దగ్గర ఉంది, గంటకి 60 మీద నడుస్తంది. అరగంటకి ఎక్కడుండిద్ది? గీత గీసినట్టు లెక్కేస్తే మొదటి మలుపులోనే లారీ పత్తి చేలో తేలిద్ది. అదే రోజూ లారీల్ని చూసే టీకొట్టాయన్ని అడగండి. ఎక్కడ తిరిగిద్దో, ఏ దాబా కాడ ఆగిద్దో ఠక్కున చెప్తాడు. మెషిన్ లెర్నింగ్ ఓడల దారిని పసిగట్టేది కూడా ఇట్టాగే.

సముద్రంలో రోడ్డేదీ అంటారేమో. కంటికి కనపడదు గానీ ఉంది. దేశాల మధ్య తిరిగే 300 టన్నులు, ఆ పైబడిన ఓడల్లో ఏఐఎస్ అనే పెట్టె ఉండాలి. ఓడ నడుస్తుంటే అది 2 నుంచి 10 సెకన్లకోసారి 'నేను ఫలానా, ఇక్కడున్నా, ఇంత వేగం, ఇటు పోతన్నా' అని రేడియోలో చెప్తానే ఉంటది. ఏళ్ల తరబడి పోగైన ఆ జాడలు కంప్యూటర్‌కి ఇస్తే, కృష్ణపట్నం పోయే ఓడ ఎక్కడ నెమ్మదిచ్చిద్దో, ఎక్కడ మళ్లిద్దో నేర్చుకుంటది. ఆనక కొత్త ఓడ ఇందాకటి నడక చూసి ఇకముందు నడక అంచనా కడతది.

ఇంత తంటా ఎందుకంటే, పెద్ద ఓడకి మన ట్రాక్టర్ మాదిరి బ్రేకుండదు. ఇంజను ఆపినా కిలోమీటర్ల కొద్దీ సాగిపోయిద్ది. ఎదురుపడ్డాక చూసుకుందాంలే అంటే అప్పటికే ఆలస్యం.

నాకు పేచీ ఉన్నది వేరే చోట. యంత్రం తనకి కనపడ్డోళ్ల గురించే నేర్చుకుంటది. మన దేశంలో ఏఐఎస్ రూలు 20 మీటర్లు దాటిన వేట బోట్లకే. వాడరేవు, కొత్తపట్నం ఒడ్డునుండే ఫైబర్ బోట్లు దానికి చాలా చిన్నవి. రాత్రిపూట వలేసి కూర్చున్న నలుగురు ఆ లెక్కలో లేరు. యంత్రం కంటికి అక్కడ ఖాళీ నీళ్లే. 2012 మార్చి 1న కేరళ అలప్పుళ దగ్గర సరుకు ఓడ గుద్ది వేట బోటులో ఐదుగురు చచ్చిపోయారు. మెట్ట ఊళ్లో పుట్టినోడిని, నాకెందుకులే అనుకోలేకపోతన్నా. మన మిర్చి కూడా ఓడెక్కే దేశాలు దాటేది.

2024 ఆగస్టులో లక్ష వేట బోట్లకి ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు పెట్టే పని కేంద్రం మొదలెట్టింది, 364 కోట్ల ఖర్చుతో. ఉపగ్రహం మీదుగా తీరానికీ బోటుకీ కబుర్లు నడుస్తాయి. మంచిదే. ఆ జాడ ఒడ్డునున్న ఆఫీసు దగ్గరే ఆగిపోకూడదు. ఓడ నడిపేటోడి తెర మీదా కనపడాలి, అంచనా కట్టే లెక్కలోకీ పోవాలి.