గూడబాతు ఎక్కడికి పోవాలి?

ఎగిరే కొంగకు సైతం తన కాలం తెలుసునని, దేవుని ప్రజలకే ఆయన విధి తెలియకపోయిందని యిర్మీయా ప్రవక్త తన గ్రంథం 8వ అధ్యాయంలో వాపోయాడు. ఆ భాగం చదివినప్పుడల్లా మన కొల్లేటి గూడబాతులు గుర్తుకొస్తాయి. వాటికి ఇప్పుడొచ్చిన చిక్కు వేరు. పక్షికి కాలం తెలుసు, కాలమే గతి తప్పుతోంది.

గూడబాతు అంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పక్షి. వానలు కురిసి నీళ్ళు నిండాక, అక్టోబరు నవంబరు నెలల్లో గూడు కడుతుంది. మనం క్రిస్మస్ పాటలు పాడుకునే వేళకు గూళ్ళలో గుడ్లో పసిపిల్లలో ఉంటాయి. శ్రమదినాలు వచ్చేసరికి పిల్లలు తల్లి సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంటాయి. గుడ్డు పొదగడానికి సుమారు నెల, పిల్ల ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. ఎండలు ముదరక ముందే కాపురం చక్కబెట్టుకోవాలన్న మాట.

ఒకప్పుడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు, సరిపల్లె ప్రాంతాల చెట్ల మీద ఈ పక్షులు వేల సంఖ్యలో గూళ్ళు కట్టేవి. కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వాటి గురించి రాశాడు. 1970ల మధ్యకల్లా అవి ఆ చోటు వదిలిపోయాయి. భూమి వేడెక్కుతోందన్న మాట అప్పటికి మన ఊళ్ళలో ఎవరూ ఎరగరు. చెట్టు పోయినా, నీరు పోయినా, మనుషుల అలజడి ఎక్కువైనా గూడబాతు లేచిపోతుంది. దానికి తోడు ఇప్పుడు ఎండ.

ఐరోపాలో గూడు కట్టే పక్షుల గురించి 2020లో ఒక పెద్ద గ్రంథం వెలువడింది. దాని ప్రకారం ముప్పై ఏళ్ళలో అక్కడి పక్షుల నివాసాలు సగటున 28 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగాయి. అక్కడ వేడి పెరిగితే చల్లని వైపుకు జరగవచ్చు. మన గూడబాతు ఎటు జరుగుతుంది? దానికి చల్లదనం ఒక్కటే చాలదు. లోతు తక్కువ నీరు, చేపలు, గూటికి చెట్టు, హాని చేయని ఊరు, ఇవన్నీ ఒకచోట కావాలి. ఉత్తరాన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్ళు ఈ పక్షులను ఆడపడుచుల్లా చూసుకుంటారు. అలాంటి ఊళ్ళు ఎన్నని దొరుకుతాయి?

వానలు వెనకబడితే గూడు వెనకబడుతుంది. గూడు వెనకబడితే పిల్లలు ఏప్రిల్ ఎండకు చిక్కుతాయి. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. నీడన కూర్చునే మనిషికే అలా ఉంటే, చెట్టు కొసన రెక్కలు రాని పిల్ల సంగతి చెప్పాలా! గూడబాతుకు చెమట పట్టదు. నోరు తెరిచి, సంచి అల్లాడించి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. పిల్లకు ఎండ తగలకుండా తల్లి అడ్డంగా నిలబడుతుంది. నవంబరు తుపానైతే నీడతో ఆగేది కాదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడినటువంటి గాలికి ఏ గూడు నిలుస్తుంది? ఇక సముద్రం పెరిగితే, ఉప్పుటేరు గుండా కొల్లేటిలోకి ఉప్పునీరు ఎగదన్నే బెడద కూడా పెరుగుతుంది.

కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖవారు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెడితే గూడబాతులు వాటి మీదా గూళ్ళు కట్టాయి. చెట్టుకు ఇనుము సాటి రాదు. ఆకు నీడ లేదు గదా! అయినా అవి రావడం మన భాగ్యం.

గూటిలో పిల్లలున్నప్పుడు తల్లిని పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో ఆజ్ఞ ఉంది. క్రిస్మస్ తర్వాత సండేస్కూలు పిల్లలను ఆటపాక తీసుకెళ్ళేవారు అది ముందుగా చదివి వినిపిస్తే మంచిది. వెళ్ళేది ఉదయం పూటే వెళ్ళండి. మధ్యాహ్నం మన కేకలకు బెదిరి తల్లి లేచిపోతే, అది తిరిగి వచ్చేదాకా పిల్ల ఎండలోనే ఉంటుంది. పడవ గూళ్ళకు దూరంగా పోనిమ్మని పడవవాడితో ముందే చెప్పుకోండి.