చిన్న పెట్టుబడికి ఏది కంచె?

పసుపు అమ్మిన డబ్బు బ్యాంకులో పడ్డాక, అందులో ఏ యాభై వేలో తీసి ఫోనులోనే షేర్ల వ్యాపారం మొదలుపెట్టే యువకులు ఇవాళ పల్లెల్లోనూ ఉన్నారు. ఉదయం కొని సాయంత్రంలోగా అమ్మడం, లేదంటే రెండు మూడు రోజులు ఉంచి అమ్మడం వీరి పద్ధతి. ధర పడితే స్టాప్‌లాస్ పెట్టి బయటపడటం మేలా, ఎదురు బేరంతో హెడ్జింగ్ చేసుకోవడం మేలా అన్న వాదన వీరి మధ్య తరచు వస్తుంది. స్టాప్‌లాస్ భయస్థుల పని, హెడ్జింగ్ తెలివైనవారి పని అని కొందరి నమ్మకం. యాభై వేల ఖాతాకు ఇది ఖరీదైన నమ్మకం.

స్టాప్‌లాస్ అంటే, 500 రూపాయలకు కొన్న షేరు 490కి పడితే అమ్మేయమని ముందుగానే ఇచ్చి ఉంచే ఆదేశం. దీని అసలు ఉపయోగం ఎన్ని షేర్లు కొనాలో తేల్చడంలో ఉంది. ఒక బేరంలో వెయ్యి రూపాయలకు మించి పోగొట్టుకోకూడదని నిర్ణయించుకుంటే, షేరుకు 10 రూపాయల నష్టం చొప్పున 100 షేర్లు కొనవచ్చు. ఆ షేరు రోజూ 10 రూపాయలు అటూ ఇటూ ఊగేదైతే స్టాప్‌లాస్ 480 దగ్గర పెట్టాలి. అప్పుడు కొనవలసింది 50 షేర్లే. చాలామంది ఇక్కడే పొరబడతారు. 100 షేర్లే కొని, స్టాప్‌లాస్ మాత్రం దగ్గరగా పెడతారు. అది రోజూ తగులుతుంది. పదిసార్లు తగిలితే యాభై వేలు నలభై వేలవుతాయి. ఆ పది వేలు తిరిగి రావాలంటే మిగిలిన దానిపై 25 శాతం లాభం రావాలి. బ్రోకరు రుసుములు, పన్నులు వేరే.

రాత్రికి రాత్రి తెగిన గట్టు

అయితే స్టాప్‌లాస్ మార్కెట్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. 2025 ఏప్రిల్ 4 శుక్రవారం నాడు నిఫ్టీ సూచీ 22,904 దగ్గర ముగిసింది. అమెరికా సుంకాల భయంతో ప్రపంచ మార్కెట్లన్నీ కుంగాయి. 7వ తేదీ సోమవారం ఉదయం నిఫ్టీ 21,758 దగ్గర తెరుచుకుంది. మధ్యలో 1,146 పాయింట్ల మేర బేరమే జరగలేదు. 22,700 దగ్గర అమ్మమని చెప్పి పడుకున్నవారికి ఆ ధర దొరకలేదు. ఏ ధరకైనా అమ్మమన్నవారి సరుకు తెరిచిన ధరకే పోయింది. ఫలానా ధరకు తగ్గకుండా అమ్మమని షరతు పెట్టినవారిదైతే అమ్ముడే పోలేదు. లోయర్ సర్క్యూట్ పడిన షేరు సంగతీ ఇంతే. కొనేవాడు లేనప్పుడు ఆదేశం కాగితం మీదే ఉంటుంది.

ఈ లోటు తీర్చేదే హెడ్జింగ్. హెడ్జ్ అంటే ఇంగ్లీషులో చేను చుట్టూ పెంచే కంచె. దీన్ని మన రైతుకు పసుపుతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఎన్‌సీడీఈఎక్స్ పసుపు ఫ్యూచర్స్‌కు నిజామాబాదే ఆధార కేంద్రం. ఒక లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. గోదాములో 50 క్వింటాళ్లు ఉన్న రైతు ఒక లాటు ముందుగా అమ్మి పెట్టుకున్నాడనుకోండి. క్వింటాలుకు 2,000 పడితే సరుకు మీద లక్ష పోతుంది, కాంట్రాక్టు మీద దాదాపు అంతా వస్తుంది. పెరిగితే కాంట్రాక్టు నష్టాన్ని ఏ రోజుకారోజు నగదుగా కట్టాలి. అందుకు చేతిలో డబ్బు ఉండాలి. సరుకు లేకుండా అమ్మినవాడు చేసింది మాత్రం హెడ్జింగ్ కాదు, ఉత్త సట్టా.

షేర్లకు ఇలాంటి కంచె పుట్ ఆప్షన్. ఫలానా ధరకు అమ్ముకునే హక్కును రుసుము కట్టి కొనడం అన్నమాట. ఆ ఏప్రిల్ సోమవారం మార్కెట్ ఎంత కింద తెరుచుకున్నా ఈ హక్కు చెక్కుచెదరలేదు. మరి చిన్న ఖాతాకు చిక్కెక్కడ? పరిమాణంలో. సెబీ 2024 నవంబరు నుంచి కొత్త సూచీ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది. 2025 ఏప్రిల్‌లో నిఫ్టీ లాటు 75 కాబట్టి ఒక్క కాంట్రాక్టు విలువ 17 లక్షల పైమాటే. యాభై వేల షేర్లకు దాన్ని రక్షణగా కొనడం ఒక గుడిసె కోసం వాడంతటికీ బీమా కట్టడమే. రుసుము 100 రూపాయలు ఉంటే 75కు 7,500 అవుతుంది. అంటే ఖాతాలో 15 శాతం. గడువు తీరేలోగా సూచీ పడకపోతే అదంతా పోయినట్టే. పైగా సూచీ నిలకడగా ఉండి, మనం కొన్న షేరు ఒక్కటే పడితే ఈ బీమా అక్కరకు రాదు.

ఒక ఆప్షన్ కొని, దానికి జోడుగా వేరే ధర దగ్గర మరొకటి అమ్మే పద్ధతి కొంత నయం. 100కు కొని 60కి అమ్మితే, 75 లాటుకు గరిష్ఠ నష్టం 3,000 దగ్గర ఆగుతుంది. అయితే కొన్న ఆప్షన్‌ను తొందరపడి ముందుగా అమ్మేస్తే, అమ్మిన ఆప్షన్ ఒక్కటే కంచె లేని చేనులా మిగులుతుంది. దాని నష్టం చాలా పెద్దది కావచ్చు.

నష్టం గడ్డకడితే హెడ్జా?

విదేశీ కరెన్సీ వ్యాపారం చేయించే కొన్ని యాప్‌లలో మరో మాయ ఉంది. కొన్నదానికే ఎదురుగా అంతే పరిమాణం అమ్మి హెడ్జ్ అయిందంటారు. వెయ్యి నష్టంలో ఉండగా అలా చేస్తే ఆ వెయ్యి అక్కడే గడ్డకడుతుంది తప్ప తగ్గదు. అమ్మి బయటపడినదానికీ దీనికీ తేడా రెట్టింపు ఖర్చులే. మన ఎక్స్ఛేంజీలలో అయితే ఒకే కాంట్రాక్టును కొని అమ్మితే లెక్క అప్పుడే రద్దవుతుంది. అనుమతి లేని కరెన్సీ వేదికల పేర్లను రిజర్వు బ్యాంకు 2022 నుంచి హెచ్చరిక జాబితాలో ప్రకటిస్తోంది. వాటిలో బేరం చేసినవారిపైనా విదేశ మారక ద్రవ్య చట్టం కింద చర్య తీసుకోవచ్చు.

సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లు ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. సగటు నష్టం మనిషికి సుమారు 2 లక్షలు. ఖర్చులు పోను లక్షకు మించి మిగిలినవారు నూటికి ఒక్కరే. 2023-24లో ఆడినవారిలో 43 శాతం 30 ఏళ్ల లోపువారు.

కాబట్టి యాభై వేలవారికి ఆచరణలో ఉన్న కంచె చవకైనదే. ముందు కొనే సంఖ్య తగ్గించుకోవడం, స్టాప్‌లాస్‌ను కొన్న నిమిషంలోనే పెట్టి మళ్లీ కిందికి జరపకపోవడం, పెద్ద వార్తలున్న రోజుల్లో సరుకును రాత్రికి ఉంచుకోకపోవడం. మార్కెట్ ఉదయం 9.15కు తెరిచి 3.30కి మూస్తారు. ఏ రోజుకారోజు తేల్చుకునే బేరాలను సొంతంగా ముగించనివారి తరఫున బ్రోకరే అంతకు ముందు అమ్మేస్తాడు. దానికి చాలా సంస్థలు విడిగా రుసుము తీసుకుంటాయి.