ఎల్ల మీది ఊరు చిత్తూరు

1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు పేరుతో జిల్లాయే లేదు. ఊరు మాత్రం అప్పటికే ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం. ఆర్కాటు నవాబు రాజ్యం 1801లో ఈస్టిండియా కంపెనీ వశమయ్యాక దాని ఉత్తరపు భాగాన్ని ఒక జిల్లా చేశారు. వేలూరు, తిరుత్తణి, కాళహస్తి, తిరుపతి అన్నీ అందులోవే. తిరుమల ఆలయ వ్యవహారాలను కూడా 1843లో హథీరాంజీ మఠానికి అప్పగించేదాకా ఈ జిల్లా కలెక్టరే చూసేవాడు.

ముఖ్యపట్టణంగా చిత్తూరునే ఎందుకు ఎంచుకున్నారో భూమిని చూస్తే తెలుస్తుంది. పడమట మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు, ఆపైన మైసూరు పీఠభూమి. తూర్పున, దక్షిణాన తమిళ మైదానం. మైసూరు సైన్యాలు ఆర్కాటు మీదికి దిగినా, మద్రాసు సైన్యాలు పైకి ఎక్కినా ఈ ప్రాంతం కీలకమే. మైసూరు పాలకుడు హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలోనే. మలబారు తీరాన ఉన్న కొడుకు టిప్పు వచ్చి చేరేదాకా ఆ చావు కబురును సైన్యానికి తెలియనివ్వలేదు. కంపెనీ పాలన మొదలయ్యాకా ఇక్కడి పాళెగాళ్లు అంత సులువుగా లొంగలేదు. 1804-05లో వాళ్లు తిరగబడ్డారు.

ఊరి మధ్యగా పారే నీవా నది పొన్నై ద్వారా పాలారులో కలిసి తమిళనాడుకు పోతుంది. మనుషుల రాకపోకలదీ చాలావరకు అదే దారి. పెద్ద జబ్బు చేస్తే చిత్తూరువాసులు గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోతారు. అంగట్లో ఒకే బేరం తెలుగులో మొదలై తమిళంలో తెగడం ఇక్కడ వింత కాదు.

ఎల్ల మీద ఉన్నందుకు ఈ ఊరు ఎంత సంపాదించుకుందో అంత పోగొట్టుకుంది. 1911లో ఉత్తర ఆర్కాడు నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరచారు. వేలూరు అవతలికి పోయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా సరిహద్దు తగవు తీరలేదు. మధ్యవర్తి హెచ్.వి. పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, బదులుగా సత్యవేడు వైపు పల్లెలు ఇటు వచ్చాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు అలా చేయి దాటింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి, శ్రీకాళహస్తి కొత్త తిరుపతి జిల్లాకు, మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లాయి. తిరుపతి విశ్వవిద్యాలయాలు, విమానాశ్రయం, యాత్రికుల రద్దీ, అన్నీ ఒక్క రోజులో పక్క జిల్లావైపోయాయి. ఈ దెబ్బ చిత్తూరుకు చిన్నది కాదు. 1917లో మునిసిపాలిటీ, 2012లో నగరపాలక సంస్థ అయినా, 2011 లెక్కల్లో జనాభా లక్షన్నర దాటినా, ఊరి బలమంతా కలెక్టరాఫీసు, కోర్టులు, సంతల చుట్టూ పెరిగిందే.

ఈ ఊరు పేరు చెబితే ఇద్దరు గుర్తుకొస్తారు. ఒకరు 1880లో కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి ఉపకులపతి, తెలుగు సాహిత్య విమర్శకు కొత్త దారి వేసినవాడు. కట్టమంచి ఇప్పుడు నగరంలో భాగం. రెండోవారు సినీ నటుడు నాగయ్య. పుట్టింది రేపల్లెలో అయినా చిత్తూరులో పెరిగి, ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో రాటుదేలి, ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ చిత్రాలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. సొంత బిడ్డను చూసుకున్నట్టే చిత్తూరు ఆయన్ని చూసుకుంటుంది.

నేటి చిత్తూరును అర్థం చేసుకోవాలంటే జూన్ నెలలో రావాలి. తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రింబవళ్లు బారులు తీరి ఉంటాయి. చెరకు, బెల్లం, వేరుశనగ నమ్ముకున్న నేల, బోర్లలో నీళ్లు అడుగంటిన కొద్దీ మామిడి వైపు మళ్లింది. ఇక్కడి గుజ్జు విదేశాలకు పోతుంది. 2025లో ధర కుప్పకూలినప్పుడు కిలోకు 12 రూపాయలు దక్కేలా ప్రభుత్వం 4 రూపాయలు, ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. బయటి రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకూడదని కలెక్టరు ఆదేశించారు. తమ రైతుల కాయ ఆగిపోతోందని కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాశారు. చిత్తూరు రైతు కష్టం నిజం, కర్ణాటకలోని కోలారు రైతు కష్టమూ నిజమే. ఇద్దరి తోటల కాయా ఏళ్ల తరబడి ఈ ఫ్యాక్టరీలకే చేరుతోంది.